మేడమీది సోలార్ ప్యానెళ్లు - శుభ్రత, రక్షణ

సూర్యభగవానుడు ప్రత్యక్షదైవమని మన పెద్దలు చెప్పినారు. ఇతర దేవతామూర్తులను దర్శించుటకు ఆలయమునకు వెళ్ళవలెను. ఆదిత్యుని మాత్రం వాకిట నిలిచి దర్శించుకొనవచ్చును. శ్రీకాకుళం చెంతనున్న అరసవల్లి క్షేత్రంలో సంవత్సరానికి రెండు పర్యాయములు, మార్చి, అక్టోబరు నెలలలో, ఉదయకిరణాలు గర్భాలయంలోని స్వామి పాదాలను స్పృశించే వేళ దర్శనార్థం భక్తులు వేకువనే బారులు తీరుతారు. ఆ కిరణాలే నేడు మన ఇళ్ల మేడలమీద పడి, దీపమై వెలుగుతున్నవి, ఫ్యానై తిరుగుతున్నవి, మోటారై నీరు తోడుతున్నవి.

2024 ఫిబ్రవరిలో కేంద్రప్రభుత్వం ప్రారంభించిన 'పి.ఎం. సూర్యఘర్' పథకం కోటి ఇళ్లకు సౌరవిద్యుత్తు అందించుట లక్ష్యంగా పెట్టుకొన్నది. 3 కిలోవాట్లు, ఆపైన అమర్చుకొనే గృహస్థులకు 78,000 రూపాయల వరకు రాయితీ లభిస్తున్నది. అందుచేత మన రెండు తెలుగు రాష్ట్రాలలోను పట్టణాలలోనే కాక పల్లెలలో కూడ సోలార్ ప్యానెళ్లు కానవస్తున్నవి. సంతోషమే. అయితే వాటిని అమర్చేవారు శిక్షణ పొందినవారు. తరువాత చీపురు, బకెట్టు పట్టుకొని మేడ ఎక్కేవారు మాత్రం ఇంటి యజమాని, ఇల్లాలు, సెలవులకు వచ్చిన మనుమడు, పనిచేసే అమ్మాయి, లేదా వాచ్‌మన్. వీరికి ఎవరూ ఏమీ చెప్పరు. కిటికీ అద్దం తుడిచినట్లే తుడవవచ్చునని వీరు భావిస్తారు. ప్రమాదమునకు మూలం ఆ భావనయే.

ఈ వ్యాసకర్త సంస్కృత వ్యాకరణం చదువుకొన్నవాడే కాని విద్యుచ్ఛాస్త్రం చదివినవాడు కాడు. అయినను మా ఇంటిమీద ప్యానెళ్లు అమర్చిన నాటినుండి నిపుణులను అడిగి తెలుసుకొన్న విషయాలను, వాటితో ఇచ్చిన సూచనల పుస్తకంలో ఉన్న విషయాలను భక్తులకు ఉపయోగపడునని ఇక్కడ క్రోడీకరిస్తున్నాను. ఈ వ్యాసమంతటికి సూత్రప్రాయమైన మాట ఒక్కటే: ప్యానెల్‌ను ఆపే మీట ఎక్కడా లేదు. మిగిలినదంతయు దానికి వ్యాఖ్యానమే.

ప్యానెల్ స్వభావం

ప్యానెల్ పైభాగాన సుమారు 3 మిల్లీమీటర్ల మందంగల గట్టి గాజు ఉంటుంది. దాని క్రింద సిలికాన్‌తో చేసిన పలుచని సెల్స్ వరుసలుగా అమర్చబడి ఉంటాయి. ఒక్కొక్క సెల్ మందం మిల్లీమీటరులో అయిదవ వంతుకూడ ఉండదు; అప్పడము కంటె పలుచన, అప్పడమువలెనే పెళుసు. చుట్టును అల్యూమినియం చట్రం. వెనుకవైపున ఒక చిన్న నల్లని పెట్టె, దానినుండి రెండు తీగలు. ఇంతే.

సెల్‌పైన వెలుతురు పడుతున్నంతసేపు విద్యుత్తు పుడుతూనే ఉంటుంది. 3 కిలోవాట్ల ఇంటికి 540 వాట్ల ప్యానెళ్లు 6 అమర్చినారనుకొందము. ఒక్కొక్క దానిలో సుమారు 50 వోల్టులు. దండలోని పువ్వులవలె వాటిని వరుసగా కలుపుతారు కాబట్టి మొత్తం 300 వోల్టుల వరకు చేరుతుంది. మన ఇంటిలో స్విచ్చిబోర్డుకు వచ్చే కరెంటు 230 వోల్టులు మాత్రమే. దానిని చూచి భయపడే మనము మేడమీది దానిని చూచి భయపడము. కారణం అది చప్పుడు చేయదు, కదలదు, దీపం వెలిగించి తన ఉనికిని తెలుపదు.

పైగా ఇది డి.సి. విద్యుత్తు. వీధి తీగలనుండి ఇంటికి వచ్చే ఎ.సి. విద్యుత్తు సెకనుకు 100 పర్యాయములు శూన్యస్థితికి వచ్చి తిరిగి లేస్తుంది. తీగ తెగినచోట పుట్టిన మెరుపు ఆ శూన్యక్షణంలో ఆరిపోవుటకు అవకాశం కలదు. డి.సి. అట్లు కాదు. అది తైలధారవలె అవిచ్ఛిన్నం. వదులైన జోడింపు వద్ద ఒకసారి మెరుపు పుట్టినదంటే అది మండుతూనే ఉండి, తీగ పైతొడుగును కరిగించి, నిప్పు పుట్టించగలదు. కాబట్టి ప్యానెళ్ల తీగలను కలిపే ప్లగ్గులను పగటివేళ ఎవరూ ఊడదీయరాదు. ఆ పని నిపుణులకే విడువవలెను.

ఇక్కడ మూడు అపోహలను తొలగించుకొనవలెను. మొదటిది, “ఇంట్లో మెయిన్ ఆపివేసినాము కదా” అనుకొనుట. మెయిన్ ఆపినందువలన ఇంటిలోని తీగలు మాత్రమే శాంతిస్తాయి. ప్యానెల్ నుండి ఇన్వర్టర్ వరకు గల తీగలలో వోల్టేజి అట్లే ఉంటుంది. రెండవది, “ఊరంతా కరెంటు పోయినది, ఇప్పుడు భయం లేదు” అనుకొనుట. కరెంటు పోయినప్పుడు స్తంభమెక్కిన లైన్‌మన్ ప్రాణరక్షణ కొరకు ఇన్వర్టర్ తనంత తాను ఆగిపోతుంది. ఆగినది ఇన్వర్టర్, ప్యానెల్ కాదు. మూడవది, “మబ్బు పట్టినది కదా” అనుకొనుట. మబ్బులో ప్రవాహం తగ్గుతుందే కాని వోల్టేజి అంతగా తగ్గదు. కొద్దిపాటి వెలుగుకే అది లేచి కూర్చుంటుంది.

ఏ వేళ కడగవలెను?

ప్రాతఃసంధ్యయే ఇందుకు తగిన కాలం. చుక్కలు మాసి, తూర్పు తెల్లవారి, అడుగు వేసే చోటు కంటికి కనబడే వేళ. సంధ్యావందనం చేసే అలవాటున్నవారికి ఈ వేళను ప్రత్యేకంగా చెప్పనక్కరలేదు. అప్పుడు ప్యానెల్ చల్లగా ఉంటుంది. రాత్రి కురిసిన మంచు దుమ్మును నానబెట్టి ఉంటుంది. విద్యుత్తు ఉత్పత్తి అత్యల్పం. ఉదయం వీలుకానివారు సూర్యాస్తమయం తరువాత, గాజు చల్లబడేవరకు ఆగి, చీకటి ముదరకముందే ముగించవచ్చును. కన్ను కానని చీకటిలో మాత్రం మేడమీద పని పెట్టుకొనరాదు.

మధ్యాహ్నం కడుగుట రెండు విధాల చేటు. వేసవిలో ప్యానెల్ ఉపరితలం 60 డిగ్రీలను దాటి కాగుతుంది. కాగిన గాజుమీద చన్నీరు కుమ్మరిస్తే ఏమగునో లాంతరు చిమ్నీ వాడిన తరంవారికి తెలియును. గట్టి గాజు కాబట్టి వెంటనే పగలకపోవచ్చును. అయినను ఆ దెబ్బ గాజుమీద, లోపలి సెల్స్ మీద, వాటిని అంటిపెట్టుకొన్న పొరలమీద పడుతుంది. రెండవ చేటు, నడిపగటివేళ విద్యుత్తు పూర్ణశక్తితో ప్రవహిస్తూ ఉంటుంది. ఎక్కడైన తీగ దెబ్బతిని ఉంటే నీరు దానికి దారి చూపుతుంది.

వేడి పెరిగినకొలది ప్యానెల్ శక్తి తగ్గుతుందనుట వాస్తవమే. 25 డిగ్రీల పైన ప్రతి డిగ్రీకి నూటికి 0.3 నుండి 0.4 వంతు వరకు తగ్గుతుంది. ఈ సంగతి విని కొందరు మే నెల మిట్టమధ్యాహ్నం పైపుతో నీళ్లు చల్లి ప్యానెళ్లను చల్లబరచుచున్నారు. దానివలన కలిగే కొద్దిపాటి లాభంకోసం పాతికేళ్లు మన్నవలసిన వస్తువును పాడుచేసుకొనుట వివేకం కాదు. వేసవిలో కొంత తగ్గుదల సహజమని ఓర్చుకొనవలెను.

నిచ్చెన ఎక్కుటకు ముందు

ముందుగా క్రిందినుండి పరిశీలన. ఇన్వర్టర్‌మీద ఎర్రదీపం వెలుగుతున్నదా? తెరమీద ఇన్సులేషన్ లోపమనియో, ఎర్త్ లోపమనియో సూచన వస్తున్నదా? అట్లున్నచో ఆనాడు నీరు తాకించరాదు. ఎక్కడో తీగ తొడుగు చిరిగి విద్యుత్తు చట్రంలోనికి ప్రాకుతున్నదని దాని అర్థం. తడిచేతితో ఆ చట్రాన్ని పట్టుకొన్నవాని గతి ఊహించుకొనవచ్చును. అట్లే గాజు పగిలిన ప్యానెల్‌ను, వెనుక పొర కాలినట్లు గోధుమరంగుకు మారిన ప్యానెల్‌ను, తీగ వ్రేలాడుచున్న ప్యానెల్‌ను కడగరాదు. అమర్చిన సంస్థవారిని పిలువవలెను. సూర్యఘర్ పథకం క్రింద అమర్చినవారికి 5 సంవత్సరాల నిర్వహణ బాధ్యత కలదు. ఆ హక్కును వినియోగించుకొనుటలో మొగమాటం అక్కరలేదు.

అంతయు సక్రమంగా ఉన్నచో ఇన్వర్టర్‌ను ఆపవలెను. దానికి ఒక క్రమం కలదు. మొదట ఇంటివైపునున్న ఎ.సి. మీటను దించవలెను. అప్పుడు బరువు తొలగి ప్రవాహం నిలుస్తుంది. ఆ తరువాతనే ప్యానెల్ వైపునున్న డి.సి. మీటను త్రిప్పవలెను. ఈ వరుస తప్పి, ప్రవాహం సాగుచుండగా డి.సి. మీటను త్రిప్పినచో దానిలో మెరుపు పుట్టవచ్చును. ఆ పిదప ఇన్వర్టర్‌మీద వ్రాసి ఉన్నన్ని నిమిషాలు వేచి ఉండవలెను. ఈ రెండు మీటలు ఎక్కడ ఉన్నవో, ఏది ముందో, ఒక కాగితంమీద తెలుగులో వ్రాయించి ఇన్వర్టర్ ప్రక్క గోడకు అంటించుకొనుట మంచిది. ఇంట్లోని అందరికి తెలియవలెను.

విద్యుత్తుకంటె ముందుగా మనిషిని బలిగొనేది ఎత్తు. మన ప్రాంతాలలో మేడను వడియాలకు, బట్టలకు, పడకకు వాడుకొనుటకై ప్యానెళ్లను ఎనిమిది, పది అడుగుల ఎత్తున ఇనుప స్తంభాలమీద నిలుపుతున్నారు. పిట్టగోడ మూడడుగులే. పైన నిలిచి వెనుకకు ఒక్క అడుగు వేస్తే గోడ దాటిపోతారు. కాబట్టి ఎంత వీలైతే అంత, మేడ నేలమీదనే నిలిచి పొడవైన కర్ర బ్రష్‌తో శుభ్రం చేయవలెను. అందని ప్యానెళ్లను నడుముకు త్రాడు, బెల్టు కట్టుకొని పనిచేసే శిక్షితులకు అప్పగించవలెను. సంవత్సరానికి వారికి ఇచ్చే కూలి ఆసుపత్రి ఖర్చులో లేశమైనను కాదు.

ఒంటరిగా మేడ ఎక్కరాదు. క్రింద ఒకరు ఉండవలెను. గాలివాన వేళ, ఉరుములు వినబడే వేళ ఎక్కరాదు. తడి పంచెతో, నేలను జీరాడే చీర కుచ్చిళ్లతో, వట్టి కాళ్లతో ఎక్కరాదు. మడి గొప్పదే, అది పూజాగృహంలో. మేడమీద పట్టుజారని రబ్బరు చెప్పులు, ఒంటికి చుట్టుకొన్న పొడి వస్త్రం కావలెను. మేడ సమీపంలో విద్యుత్ తీగలు వెళ్లుచున్నచో అల్యూమినియం గొట్టపు కర్రలు బొత్తిగా వాడరాదు. నా వయస్సువారు, అనగా డెబ్బది దాటినవారు, నిచ్చెన జోలికి పోరాదు. మనకు వేరొక పని కలదు, దానిని క్రింద చెప్పెదను.

నీరు, గుడ్డ, చేయి

నీటి విషయంలో ముఖ్యంగా గమనించవలసినది కాఠిన్యం. మన బోరునీటిలో చాలచోట్ల లవణాలు అధికం. బిందె అడుగున, కొళాయి చుట్టును కట్టిన తెల్లని పొర ఎట్టిదో, ఆ నీటితో కడిగి ఆరనిచ్చిన ప్యానెల్‌మీద అట్టి పొరయే కడుతుంది. దుమ్ము వానకు పోతుంది; ఈ పొర పోదు. వాననీరు పట్టి ఉంచుకొన్నది శ్రేష్ఠం. ఏసీనుండి కారే నీరు వాడవచ్చును. నది నీరు, చెరువు నీరు శుద్ధిచేసి సరఫరా చేసే పంపునీరు చాలవరకు పనికివస్తుంది. బోరునీరు తప్పనిచోట చివర తుడుపును మాత్రం మంచినీటితో చేసి, తడి ఆరకముందే రబ్బరు వైపర్‌తో లాగివేయవలెను. ఆర్.ఓ. యంత్రం విసర్జించే నీటిని వృథా చేయుట ఎందుకని కొందరు ఇందుకు వాడుతున్నారు. ఆ నీటిలో లవణాలు మామూలు నీటికంటెను చిక్కగా ఉంటాయి. దానిని నేల కడుగుటకు వాడుకొనండి, ప్యానెళ్లకు వద్దు.

ఇత్తడి దీపపు కుందులను తోమే పద్ధతి ఇక్కడ పనికిరాదు. చింతపండు, బూడిద, ఇసుక, కొబ్బరిపీచు, ఇనుప పీచు, సబ్బుపొడి, నేల కడిగే ఆసిడ్, ఇవి అన్నియు నిషిద్ధం. గాజుమీద కాంతిని వెనుకకు పోనీయక లోనికి గ్రహించే సన్నని పూత ఉంటుంది. గరుకు వస్తువు తగిలితే అది గీసుకొనిపోతుంది. మెత్తని గుడ్డ, స్పాంజి, మెత్తని కుచ్చుగల బ్రష్, రబ్బరు వైపర్ చాలును. జిడ్డు ఉన్నప్పుడు బకెట్టు నీటిలో గిన్నెలు కడిగే ద్రవం నాలుగు చుక్కలు వేసి, తరువాత నీటితో పూర్తిగా కడిగివేయవలెను.

మొదట పొడి దుమ్మును మెత్తని బ్రష్‌తో దులుపవలెను. పొడి దుమ్మును రుద్దరాదు, అందలి ఇసుక గాజును గీస్తుంది. తరువాత నీరు పోసి నాననిచ్చి, పైనుండి క్రిందికి తుడవవలెను. క్రింది చట్రం అంచువద్ద బురద పేరుకొంటుంది. చూచుటకు సన్నని గీతయే అయినను అది చివరి వరుస సెల్స్‌కు నీడ పడునట్లు చేస్తుంది. దానిని ప్రత్యేకంగా తీయవలెను. వాహనాలు కడిగే ప్రెషర్ పంపు వాడరాదు. ప్యానెల్ క్రిందినుండి పైకి, వెనుకనున్న పెట్టెమీద, తీగల జోడింపులమీద నీరు కొట్టరాదు. 6 ప్యానెళ్లకు రెండు మూడు బకెట్ల నీరు చాలును.

ఎట్టి పరిస్థితిలోను ప్యానెల్‌మీద కాలు మోపరాదు, కూర్చొనరాదు, మోకాలు ఆనించరాదు. “ఎక్కినాను, ఏమీ పగలలేదు” అనేవారు కలరు. గాజు పగలదు, నిజమే. దాని క్రింద అప్పడమువంటి సెల్ చిట్లుతుంది. ఆ పగులు కంటికి కనబడదు. నెలలు గడిచిన పిదప ఉత్పత్తిలో కనబడుతుంది. దానికి గ్యారంటీ కూడ వర్తించకపోవచ్చును.

బొట్టంత మరక

ఒక ప్యానెల్‌లోని సెల్స్ అన్నియు గొలుసువలె కలిసి ఉంటాయి. ఒక సెల్‌పైన నీడ పడితే నష్టం ఆ ఒక్కదానితో ఆగదు. మిగిలినవి పుట్టించిన విద్యుత్తును ప్రసరింపనీయక ఆ సెల్ అడ్డుపడి, తాను పుట్టింపవలసినది పోయి, తానే ఇతరుల శక్తిని తిని వేడెక్కుతుంది. దీనికి నివారణగా ప్యానెల్ వెనుక పెట్టెలో సాధారణంగా మూడు డయోడ్లు అమర్చి ఉంటారు. అవి నీడ పడిన భాగాన్ని ప్రక్కకు తప్పించి విద్యుత్తుకు వేరుదారి చూపుతాయి. అయినను నెలల తరబడి ఒకేచోట నీడ ఉన్నచో ఆ స్థానం కాగి కాగి మచ్చ పడుతుంది.

కాబట్టి అంతటా సమంగా పరచుకొన్న దుమ్ముకంటె ఒకచోట ఎండిన కాకిరెట్ట ఎక్కువ హాని చేస్తుంది. దానిని బ్లేడుతోగాని గోటితోగాని గీకక, తడిగుడ్డ పదినిమిషాలు పరచి, నానిన తరువాత తుడవవలెను.

ఈ సందర్భంలో ఒక ప్రశ్నకు సమాధానం చెప్పవలసి ఉన్నది. విజయదశమి ఆయుధపూజ సమీపించగానే “పంతులుగారూ, సోలార్ ప్యానెళ్లకు బొట్టు పెట్టవచ్చునా?” అని అడిగేవారు ఏటేటా పెరుగుతున్నారు. జీవనోపకరణమును పూజించుట మన సంప్రదాయం. అందులో సందేహం లేదు. గంధం, కుంకుమ చట్రంమీదనో, క్రింది ఇనుప స్తంభంమీదనో అలంకరించండి. గాజుమీద పెట్టిన బొట్టు సెల్‌కు నీడ. అది ఉపకరణానికి ఉపద్రవమే కాని ఉపచారం కాదు. పూలదండలు ప్యానెళ్లమీద వేయరాదు. ఇన్వర్టర్ గాలి రంధ్రాలను దండతో మూయరాదు. దానిముందు కర్పూరహారతి ఇచ్చుట, కొబ్బరికాయ కొట్టి ఆ నీరు చిలుకరించుట వద్దు. దూరంనుండి నమస్కరించినను ఫలం తగ్గదు. అట్లే దృష్టిగుమ్మడి, బట్టలతీగ, కొత్తగా పెరిగిన కొబ్బరిమట్ట, ఇవి ఏ వేళ ఏ ప్యానెల్‌పై నీడ వేయుచున్నవో చూచి సవరించుకొనవలెను. ప్యానెల్ స్తంభాలకు బట్టలతీగ కట్టుట ఎంతమాత్రం తగదు; తడిబట్టను ఇనుప స్తంభానికి తగిలించుట ప్రాణసంకటం కాగలదు.

పండుగలతో ముడిపడిన సంవత్సరచక్రం

తేదీలకంటె పండుగలు మనకు బాగుగా గుర్తుంటాయి. కాబట్టి నిర్వహణను వాటికి ముడివేసి చెప్పుచున్నాను.

సంక్రాంతి వెళ్ళిన మరునాడు మేడ పరిశీలించవలెను. తెగిన గాలిపటాలు, మాంజా దారాలు తీగలకు చిక్కుకొని ఉంటాయి. వాటిని గుంజరాదు, మెల్లగా కత్తిరించి తీయవలెను. భోగిమంటల మసి కూడ పడి ఉంటుంది.

రథసప్తమినాడు కొందరు మేడమీదనే ఆవుపిడకల నిప్పుమీద పరమాన్నం వండి చిక్కుడాకులలో నివేదిస్తారు. ఆ నిప్పును ప్యానెళ్లకు, తీగలకు ఎడంగా ఉంచుకొనవలెను. ఆనాటినుండి ఎండాకాలపు దుమ్ము మొదలవుతుంది. ఇక తొలకరి వరకు మామూలు ప్రదేశాలలో నెలకొకసారి, రహదారి, ఇటుకబట్టీ, రైసుమిల్లు దగ్గరున్నచోట్ల పదిహేను దినాలకొకసారి కడుగుకొనవలెను.

మృగశిరకార్తెకు ముందు, అనగా జూన్ మొదటివారంలోపల, నిపుణుని పిలిపించవలెను. బోల్టులు బిగువుగా ఉన్నవా, స్తంభాలు త్రుప్పు పట్టినవా, ఎర్తింగ్ తీగ తెగినదా, పిడుగు నివారణ కడ్డీ సరిగా ఉన్నదా చూడవలెను. డి.సి. పెట్టెలో వోల్టేజి పోటును అడ్డుకొనే పరికరానికి చిన్న కిటికీ ఉంటుంది. సాధారణంగా అది ఆకుపచ్చనుండి ఎరుపుకు మారినచో దానిని మార్పించవలెను. వానకాలంలో కడుగుట దాదాపు అనవసరం, వరుణదేవుడే అభిషేకిస్తాడు. అంచు బురద మాత్రం చూచుకొనిన చాలును.

దీపావళికి ముందు ప్యానెళ్ల క్రింద పేరుకొన్న ఎండుటాకులు, పిచ్చుకగూళ్ల పీచు తొలగించవలెను. పైన పడిన తారాజువ్వ ఆరిపోవచ్చును. క్రింద చెత్తలో పడినది ఆరదు. ఉడుతలు, ఎలుకలు తీగలు కొరికినవా అనేది కూడ అప్పుడే చూడవలెను. కోతుల బెడద గల ఊళ్లలో తీగలను గొట్టాలలో అమర్పించుకొనవలెను.

కార్తికమాసంలో ఆకాశదీపం నిలిపేవారు ఆ కర్రను ప్యానెల్ స్తంభానికి కట్టరాదు. అది కోస్తాలో తుపానుల కాలం కూడ. 2014 అక్టోబరు 12న విశాఖపట్టణాన్ని తాకిన హుద్‌హుద్‌ను చూచినవారికి గాలి బలమెంతో చెప్పనక్కరలేదు. తుపాను హెచ్చరిక రాగానే ఇన్వర్టర్‌ను పైన చెప్పిన క్రమంలో ఆపివేయవలెను. గాలికి ఊడి క్రిందపడిన ప్యానెల్‌ను ఎత్తబోరాదు. పగిలి పడినను, వెలుతురు ఉన్నంతసేపు అది విద్యుత్తు పుట్టిస్తూనే ఉంటుంది.

పెద్దలు చేయదగిన పని

నిచ్చెన ఎక్కవద్దని చెప్పిన మా వయస్సువారికి ఇది తగిన పని. ప్రతిదినం సాయంకాలం ఇన్వర్టర్ తెరమీద ఆనాటి యూనిట్లు చూచి పంచాంగంలోనో, గోడ క్యాలెండరులోనో ఆ తేదీ ప్రక్కన వ్రాయవలెను. మన ప్రాంతంలో 1 కిలోవాటుకు దినానికి సగటున 4 యూనిట్లు వస్తాయి. అనగా 3 కిలోవాట్లకు సుమారు 12. మబ్బునాడు తగ్గుట సహజం. నిర్మలాకాశం గల దినాలను నిర్మలాకాశం గల దినాలతోనే పోల్చవలెను.

ఈ చిన్న లెక్క గొప్ప సంగతి చెప్పుతుంది. దుమ్మువలన కలిగే నష్టం మెల్లమెల్లగా దిగుతుంది. పన్నెండు పదకొండున్నర అయి, పదకొండు అవుతుంది. అప్పుడు కడిగితే తిరిగి లేస్తుంది. అట్లు కాక నిన్న పన్నెండు వచ్చి నేడు ఆరు వచ్చినదంటే అది దుమ్ము కాదు. ఏదో తీగ, ఏదో జోడింపు, ఏదో మీట దెబ్బతిన్నది. అప్పుడు బకెట్టు పట్టుకొని మేడ ఎక్కరాదు, ఫోను పట్టుకొని నిపుణుని పిలువవలెను. కడుగవలసిన దినమేదో, కడుగరాని దినమేదో తేల్చిచెప్పేది ఆ వ్రాతయే.

ఆపద వేళ

ఎవరికైన షాక్ తగిలినచో వారిని చేతితో పట్టుకొనరాదు. మీటలు రెండును ఆపవలెను. కాని ప్యానెల్ తీగ తగిలిన సందర్భంలో మీట ఆపినను విద్యుత్తు పోకపోవచ్చునని ముందే చెప్పియున్నాను. కాబట్టి పొడి కర్రతోగాని, పొడి ప్లాస్టిక్ కుర్చీతోగాని మనిషిని తీగనుండి వేరుచేయవలెను. వెంటనే 108కి ఫోను చేసి, ఊపిరి లేకున్న, తెలిసినవారు ఛాతీని నొక్కుచు గుండెను నడిపించే యత్నం చేయవలెను. లేచి కూర్చున్నను వైద్యునికి చూపవలెను.

నిప్పు అంటుకొన్నచో నీళ్లు చల్లరాదు. అందరు దిగివచ్చి 101కి ఫోను చేయవలెను. వచ్చిన అగ్నిమాపక సిబ్బందికి “పైన సోలార్ ఉన్నది” అని మొదటి మాటగా చెప్పవలెను. ఆ ఒక్క మాట వారి ప్రాణాలను కాపాడగలదు.

పుణ్యం పేరిట ప్రమాదం కొనితెచ్చుకొనుమని ఏ శాస్త్రమూ చెప్పలేదు. దీపం ముట్టించేటప్పుడు కొంగు సవరించుకొనుట, బావి వద్ద ఒర పట్టుకొని వంగుట, పొయ్యి ఆర్పి నిద్రించుట మన ఇళ్లలో తల్లులు నేర్పిన ఆచారాలే. సూర్యతేజస్సు మేడమీదికి వచ్చిన ఈ కాలంలో అటువంటి ఆచారం మరొకటి చేర్చుకొందము: తెల్లవారుజామున, తోడు ఉండగా, మీటలు వరుసగా ఆపి, నేలమీద నిలిచి, మెత్తని గుడ్డతో. మిగిలిన సమయమంతయు ఆదిత్యుని పనిని ఆదిత్యుని చేసుకోనిద్దము.

స్వస్తి.